కాస్ట్యూమ్ ఆర్మర్ పగిలితే: బలం లోపలి మాసికది, పైపూత చూపుకే

ఇంట్లో తయారుచేసుకున్న ప్లాస్టిక్ ఆర్మర్ (కవచం) కాస్ట్యూమ్‌లో ఛాతీ ముక్కకు చంక కోత దగ్గర మొదలై 6 సెంటీమీటర్ల పగులు వచ్చింది. భుజం పట్టీ తగిలించే చెవి కూడా ఊడింది. సూపర్ గ్లూ పెడితే తొడుక్కున్న కాసేపటికే విడిపోతోంది. ముక్క మొత్తం కొత్తగా చేయక తప్పదా అన్నది ప్రశ్న. ఆ అవసరం లేదు. ఉన్న ముక్కనే బాగుచేయొచ్చు. పద్ధతిగా చేస్తే అతుకు వేసిన చోటు పక్కనున్న షీట్ కంటే గట్టిగా నిలుస్తుంది.

సూపర్ గ్లూ ఎందుకు నిలవలేదో ముందు అర్థం కావాలి. షీట్ మందం 2 మిల్లీమీటర్లు, పగులు పొడవు 60 మిల్లీమీటర్లు అనుకుందాం. అంచుకు అంచు చేర్చి జిగురు పెడితే అది పట్టుకోవడానికి దొరికే చోటు మొత్తం 1.2 చదరపు సెంటీమీటర్లు. అదే లోపలి వైపు 5 సెంటీమీటర్ల వెడల్పు ముక్కను పగులుకు అడ్డంగా అతికిస్తే ఒక్కో పక్క 15 చదరపు సెంటీమీటర్లు దొరుకుతాయి. పైగా సూపర్ గ్లూ ఆరాక పెళుసుబారుతుంది. ఛాతీ ముక్క ఊపిరి తీసినప్పుడల్లా, చెయ్యి ఎత్తినప్పుడల్లా కొద్దికొద్దిగా వంగుతుంది. వంగే చోట పెళుసు జిగురు ఎంత పోసినా విరుగుతుంది. అందుకే అతుకు బలమంతా లోపలి మాసిక నుంచే రావాలి. బయటి వైపు చేసే పని గీత కనబడకుండా చేయడానికే.

ఏ ప్లాస్టికో తేలాకే జిగురు

ఒక ప్లాస్టిక్‌ను కరిగించి కలిపేసే జిగురు మరో ప్లాస్టిక్‌ మీద అసలు నిలవదు. అచ్చు మీద వేడి షీట్ పరిచి గాలి లాగి చేసిన ముక్కలు చాలావరకు ఏబీఎస్, లేదా హై ఇంపాక్ట్ పాలీస్టైరీన్. 3డీ ప్రింట్ చేసినవైతే పీఎల్‌ఏ లేదా పెట్‌జీ. డబ్బాలు, బకెట్లు కోసి చేసినవైతే పాలీప్రొపిలీన్ లేదా పాలీఎథిలీన్. సైన్‌బోర్డులకు వాడే నురుగు పీవీసీ షీట్‌తో చేసేవాళ్లూ ఉన్నారు.

అంచు నుంచి చిన్న తునక కోసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచి వదలండి. సబ్బు లేకపోతే గాలి బుడగలు అంటుకుని మునగాల్సింది కూడా తేలుతుంది. పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్ తేలతాయి. ఏబీఎస్, పాలీస్టైరీన్ సాంద్రత నీటికంటే కొంచెమే ఎక్కువ, 1.04 దగ్గర, కాబట్టి మెల్లగా మునుగుతాయి. పీఎల్‌ఏ, పెట్‌జీల సాంద్రత 1.25 దగ్గర ఉంటుంది, అవి వెంటనే మునుగుతాయి. ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది: నురుగు పీవీసీ, లోపల బోలుగా ఉన్న ప్రింట్ ముక్క కూడా తేలతాయి. కోసిన అంచులో నురుగు గదులు గానీ పొరలు గానీ కనబడితే నీటి పరీక్షను నమ్మొద్దు.

తర్వాత అసిటోన్ అనే ద్రావకంతో పరీక్ష. లోపలి వైపు, రంగు లేని చోట ఒక చుక్క వేసి అర నిమిషం ఆగి టూత్‌పిక్‌తో నొక్కి చూడండి. బంకగా సాగితే ఏబీఎస్ లేదా పాలీస్టైరీన్. ఈ రెండింటిలో ఏదో తేల్చాలంటే నారింజ తొక్కల నుంచి తీసే లిమోనీన్ ద్రావకం ఒక చుక్క చాలు: పాలీస్టైరీన్ మెత్తబడుతుంది, ఏబీఎస్ చెక్కుచెదరదు. అసిటోన్‌కు పెట్‌జీ పైన కాస్త మసకబారుతుంది, పీఎల్‌ఏ బంకగా మారదు, పాలీప్రొపిలీన్‌కు ఏమీ కాదు. రంగు వేసిన వైపు ఈ పరీక్ష చేస్తే ముందు రంగే కరుగుతుంది, దాన్ని చూసి ప్లాస్టిక్ కరిగిందనుకునే ప్రమాదం ఉంది.

పాత జిగురు, పగులు మొన

ఇదివరకు పెట్టిన సూపర్ గ్లూ పూర్తిగా పోవాలి. దాన్ని అసిటోన్ కరిగిస్తుంది, నిజమే, కానీ ఏబీఎస్‌ను కూడా కరిగిస్తుంది. కాబట్టి పదును బ్లేడును నిలువుగా పట్టుకుని గీకి తీయాలి. ఆ తర్వాత లోపలి వైపు పగులుకు రెండు పక్కలా 4 సెంటీమీటర్ల మేర సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. 80 లేదా 120 నంబర్ సాండ్‌పేపర్‌తో గరుకు చేసి మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి. తుడవడం సాండింగ్‌కు ముందూ ఉండాలి, తర్వాతా ఉండాలి. చెమట, చర్మం నూనె ముందే పోకపోతే సాండ్‌పేపర్ దాన్ని గీతల్లోకి రుద్దేస్తుంది, జిగురు ఆ జిడ్డు మీద కూర్చుంటుంది. తుడిచిన చోటును మళ్లీ వేలితో తాకొద్దు.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. పగులు ఆగిన చోట 2.5 లేదా 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో ఒక రంధ్రం వేయాలి. పగులు మొన చాలా సన్నగా, పదునుగా ఉంటుంది. ముక్క వంగినప్పుడు ఒత్తిడంతా ఆ మొన దగ్గరే పోగై పగులును ముందుకు నడిపిస్తుంది. గుండ్రటి రంధ్రం ఆ ఒత్తిడిని చుట్టూ పంచుతుంది. అయితే కంటికి కనబడే చివర అసలు చివర కాకపోవచ్చు. వెనక నుంచి టార్చ్ వేసి ముక్కను చాలా కొద్దిగా వంచితే సన్నటి నెర్రె ఇంకో 3, 4 మిల్లీమీటర్లు ముందుకు పోయి ఉండటం తెలుస్తుంది. రంధ్రం ఆ నెర్రె చివర పడాలి. ముందే ఆపేస్తే వేసినా ప్రయోజనం లేదు. డ్రిల్ మెల్లగా తిప్పండి. వేగం పెరిగితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది, రంధ్రం అంచు చిరిగి కొత్త పగుళ్లకు దారి ఇస్తుంది.

ఏబీఎస్ అయితే

ముక్కను దాని సహజమైన వంపులోనే ఉంచి, పగులు రెండు అంచులూ ఒకే మట్టానికి తెచ్చి, బయటి వైపు 2 సెంటీమీటర్లకొకటి చొప్పున మాస్కింగ్ టేప్ అడ్డంగా వేయండి. బలవంతంగా వంచి, లేదా క్లాంప్‌తో లాగి పెట్టి అంచులు కలపొద్దు. ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్‌కు అసిటోన్ తగిలితే కొత్త నెర్రెలు పుడతాయి. అంచులు వాటంతటవి కలవకపోతే అడ్డొస్తున్న చోటు వెతికి సన్నగా ఆకురాయి పెట్టండి.

మాసికకు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఏబీఎస్ షీట్ కావాలి. అదే ముక్క చేసినప్పుడు మిగిలిన కోత తునకలు ఉంటే అన్నిటికంటే మంచిది. వెడల్పు 5 సెంటీమీటర్లు ఉండాలి. పొడవు పగులు కంటే, ఆ చివరి రంధ్రం దాటి కనీసం 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. నాలుగు మూలలూ గుండ్రంగా కోయండి. చుట్టూ అంచును ఏటవాలుగా అరగదీయండి, నిలువు అంచు వదలొద్దు. మందం ఒక్కసారిగా మారే గీత వెంబడే తర్వాతి పగులు వస్తుంది.

మాసిక వంపు ముక్క వంపుతో ముందే కలవాలి. చదునైన పట్టీని క్లాంప్‌తో నొక్కి అతికిస్తే అది లోపల స్ప్రింగ్‌లా తిరిగి చదును కావాలని చూస్తూనే ఉంటుంది, కొన్నాళ్లకు చివరల నుంచి లేస్తుంది. మరిగే నీళ్లలో ఒకట్రెండు నిమిషాలు ఉంచి, మందపాటి చేతిగ్లౌజులతో తీసి, మధ్యలో గుడ్డ వేసి ముక్క లోపలి వైపు అదిమి చల్లారే దాకా పట్టుకోండి. ఏబీఎస్ మెత్తబడేది 105 డిగ్రీల దగ్గర కాబట్టి మరిగే నీళ్లు దాన్ని కరిగించవు, వంగనిస్తాయి అంతే. ఒకేసారికి కుదరకపోతే రెండోసారి ముంచండి. హీట్ గన్ వాడితే మాసికను విడిగా పట్టుకుని వేడిచేయండి. ఛాతీ ముక్క మీద మాత్రం గాలి తగలనివ్వొద్దు.

జిగురుగా ఏబీఎస్ పేస్ట్ చేసుకోవాలి. 20 గ్రాముల ఏబీఎస్ తునకలను 3, 4 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి గాజు సీసాలో వేసి 60 మిల్లీలీటర్ల అసిటోన్ పోయండి. మూత బిగించి రాత్రంతా వదిలి, పొద్దున్నే పుల్లతో కలపండి. ముదురు పాకంలా జారాలి. పల్చగా ఉంటే ఇంకాస్త ప్లాస్టిక్, గట్టిగా ఉంటే చుక్కలు చుక్కలుగా అసిటోన్ వేయండి. పాలీస్టైరీన్ గిన్నెల్లో, కప్పుల్లో కలపొద్దు, అవి కరుగుతాయి. అసిటోన్ ఆవిరి సున్నాకంటే 20 డిగ్రీలు తక్కువలో కూడా మంట అందుకుంటుంది. పొయ్యి, లైటర్, నిప్పురవ్వలు రాల్చే పవర్ టూల్ ఏదీ దగ్గర ఉండకూడదు, గాలి ధారాళంగా ఆడాలి. సన్నటి నైట్రైల్ గ్లౌజుల్లోంచి అసిటోన్ కొద్ది నిమిషాల్లోనే దిగుతుంది, తడిస్తే వెంటనే మార్చుకోండి.

మాసిక మీద, ముక్క లోపలి వైపు అసిటోన్‌లో తడిపి పిండిన గుడ్డతో ఒక్కసారి తుడిచి, మాసికకు అర మిల్లీమీటరు మందాన పేస్ట్ పూసి, మధ్య నుంచి అంచులకు అదుముతూ అతికించండి. 3, 4 సెంటీమీటర్లకొక క్లాంప్ చాలు, క్లాంప్ దవడల కింద మెత్తటి పొర పెట్టండి. క్లాంప్ అందని చోట రెండు వైపులా జత అయస్కాంతాలు పనిచేస్తాయి. 24 గంటలు కదపొద్దు. పేస్ట్ ఎక్కువైతే ద్రావకం షీట్‌లోకి దిగి, బయటి వైపు మాసిక ఆకారమే పల్లంగా కనబడుతుంది. 1.5 మిల్లీమీటర్ల కంటే పల్చటి షీట్‌కు ఈ పద్ధతి వద్దు, కింద చెప్పిన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు), గ్లాస్ బట్ట (గాజు నారతో నేసిన బట్ట) పద్ధతి వాడండి.

ఆర్మర్ పని చేసేవాళ్లు ఎక్కువగా వాడే ఈ6000 లాంటి సాగే జిగురుతో మాసిక వేయొచ్చు కదా అనిపిస్తుంది. పగులుకు అది సరిపోదన్నది నా అభిప్రాయం. సాగే జిగురు మీద పగులు అంచులు వెంట్రుక వాసి కదులుతూనే ఉంటాయి, బయట నింపిన పుట్టీ ఆ గీత వెంబడే మళ్లీ చీలుతుంది. పగులుకు కావాల్సింది రెండు పొరలూ కరిగి ఒక్కటే మందపాటి షీట్ కావడం. సాగే జిగురు చోటు వేరే ఉంది, పట్టీల దగ్గర చెబుతాను.

బయటి వైపు టేప్ తీసి, పగులు వెంబడి 1 మిల్లీమీటరు లోతు వి ఆకారపు గాడి గీయండి. అదే పేస్ట్‌తో పొరలు పొరలుగా నింపండి, ఒక్కో పొర 1 మిల్లీమీటరు మించకూడదు, పొరకు పొరకు మధ్య 5, 6 గంటలు ఆగాలి. మందంగా ఒకేసారి నింపితే పైన చర్మం కట్టి లోపల ద్రావకం చిక్కుకుంటుంది, బుడగలు వస్తాయి, రంగు వేసిన వారానికి గీత కుంగుతుంది. పేస్ట్ ఆరాక కుంచించుకుపోతుంది కాబట్టి మట్టం కంటే కాస్త ఎత్తుగా వదలండి. చివరి పొర తర్వాత 48 గంటలు ఆగి సాండింగ్ మొదలుపెట్టండి.

ఏబీఎస్ కాకపోతే

హై ఇంపాక్ట్ పాలీస్టైరీన్‌కూ ఇదే క్రమం, జిగురు ఒక్కటే మారుతుంది. అసిటోన్‌లో అది నునుపైన పేస్ట్‌గా కరగదు, ముద్దలు కడుతుంది. ప్లాస్టిక్ మోడల్ కిట్లకు వాడే పాలీస్టైరీన్ సిమెంట్, పాలీస్టైరీన్ మాసిక వాడండి. చాలా తొందరగా మెత్తబడే ప్లాస్టిక్ ఇది, పల్చటి పూత చాలు. పాలిస్టర్ రెజిన్, కార్ల డెంట్లకు వాడే పాలిస్టర్ పుట్టీ దీనికి తగలనివ్వొద్దు. వాటిలో ఉండే స్టైరీన్ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి ముక్కను వంకర తిప్పుతుంది.

పీఎల్‌ఏ, పెట్‌జీ ప్రింట్లు ఎక్కువగా పొరల మధ్యనే విడిపోతాయి. వాటికీ, పల్చటి ఏబీఎస్‌కూ ఎపాక్సీ, గ్లాస్ బట్ట జోడీ అన్నిటికంటే నమ్మకం. 5 నిమిషాల ఎపాక్సీ కాకుండా గట్టిపడటానికి 24 గంటలు పట్టే రకం తీసుకోండి. అది లోపలి గీతల్లోకి దిగే సమయం దొరుకుతుంది, బలమూ ఎక్కువ. రెండు భాగాల నిష్పత్తి సీసా మీద ఎలా ఉంటే అలాగే కొలవండి. గట్టిపరిచేది ఎక్కువ పోస్తే తొందరగా ఆరదు, ఎప్పటికీ జిగటగా మిగులుతుంది. చదరపు మీటరుకు 100 నుంచి 160 గ్రాముల బట్ట తీసుకుని మొదటి పొర 4 సెంటీమీటర్ల వెడల్పు, రెండోది 6 సెంటీమీటర్లు వేయండి. బట్ట తెలుపు పోయి పారదర్శకంగా మారితే ఎపాక్సీ సరిపడా దిగినట్టు. పైన పాలిథిన్ కాగితం పరిచి వేలితో నునుపు చేసి వదిలితే ఆరాక ఊడి వస్తుంది, లోపలి వైపు నున్నగా ఉండి గాజు నార ఒంటికి గుచ్చుకోదు. అంచులు సాండ్ చేసేటప్పుడు మాస్క్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

గోడ 4 మిల్లీమీటర్లకు మించిన ప్రింట్ అయితే విరిగిన రెండు ముఖాల్లో 1.5 మిల్లీమీటర్ల రంధ్రాలు 10 మిల్లీమీటర్ల లోతున వేసి, స్టీల్ తీగ ముక్కలు ఎపాక్సీతో దిగ్గొట్టి కలపండి. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. వేడి నీళ్లు, హీట్ గన్, ఎండలో మూసి ఉన్న కారు, మూడూ దానికి పడవు. కరెంటు సాండర్ కూడా దాన్ని కరిగిస్తుంది, చేత్తోనే రుద్దండి.

పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్‌లకు జిగురు వెతకడం మానేయండి. మామూలు జిగుర్లేవీ వాటిని పట్టవు. లోపల పట్టీ పెట్టి 3.2 మిల్లీమీటర్ల అల్యూమినియం పాప్ రివెట్లు, వెనక వాషర్లతో బిగించండి. రివెట్ అంచు నుంచి కనీసం 8 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. కవచం మీద రివెట్ తలలు సహజంగానే ఇమిడిపోతాయి. పగులు లేని రెండో పక్క ఛాతీ మీద కూడా అదే వరస వేస్తే డిజైన్‌లో భాగంలాగే ఉంటుంది.

వర్బ్లా (వేడికి మెత్తబడే కాస్ట్యూమ్ ప్లాస్టిక్) షీట్ అయితే పని సులువు. 90 డిగ్రీల దగ్గర అది మెత్తబడి తనకు తానే అంటుకుంటుంది. రంగు, ప్రైమర్ పూర్తిగా గీకేసి, 3 సెంటీమీటర్ల అతివ్యాప్తితో కొత్త ముక్క వేడిచేసి నొక్కితే సరి. నురుగు పీవీసీకి పీవీసీ సిమెంట్ వాడొచ్చు. దాన్ని మాడేదాకా వేడిచేయొద్దు, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది.

ఊడిన చెవి, పగులుకు కారణం

ఊడిన చెవిని ఉన్న చోటే అతికించే ప్రయత్నం వద్దు. భుజం పట్టీ లాగే బరువంతా వేలెడంత ప్లాస్టిక్ మీద పడటం వల్లే అది ఊడింది, మళ్లీ ఊడుతుంది. మిగిలిన మొండిని కోసి నునుపు చేసేయండి. 5 సెంటీమీటర్ల చదరపు ఏబీఎస్ పలకను లోపలి వైపు పేస్ట్‌తో అతికించండి. 25 మిల్లీమీటర్ల వెడల్పు నైలాన్ పట్టీ ముక్కకు ప్రెస్ బటన్ బిగించి, ఆ నైలాన్‌ను పలక మీద సాగే జిగురుతో 5 సెంటీమీటర్ల పొడవునా అంటించండి. సాగే జిగురు అసలు పని ఇదే: కుదుపును మింగుతుంది, రేపు పట్టీ మార్చాలంటే ఊడదీయడానికి వీలిస్తుంది. 24 గంటలకు పట్టుకుంటుంది, పూర్తి బలానికి 72 గంటలు. చాలా అతుకులు ఊడేది రెండో రోజే తొడుక్కోవడం వల్ల. ప్రెస్ బటన్‌ను ప్లాస్టిక్‌కే నేరుగా కొట్టొద్దు, ఆ రంధ్రం అంచునే కొత్త పగులు మొదలవుతుంది. భుజం పట్టీ మధ్యలో 5 సెంటీమీటర్ల ఎలాస్టిక్ కుట్టిస్తే చెయ్యి ఎత్తినప్పటి లాగుడు ప్లాస్టిక్ దాకా రాదు.

చంక కోత సంగతి కూడా చూడాలి, పగులు అక్కడే పుట్టింది కాబట్టి. కోతలో ఎక్కడ పదును మూల ఉందో అక్కడ ఒత్తిడి పోగవుతుంది. ప్రతి లోపలి మూలనూ కనీసం 5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఆకురాయి పెట్టి, అంచు మొత్తం 220, తర్వాత 400 సాండ్‌పేపర్‌తో నునుపు చేయండి. కత్తెర, కత్తి వదిలిన చిన్న గాట్లే పగుళ్లకు విత్తనాలు. తర్వాత తొడుక్కుని చేతులు ముందుకు చాపండి, కూర్చోండి, వంగండి. భుజం ముక్క గానీ మీ చెయ్యి గానీ ఛాతీ ముక్కను నెడుతుంటే ఆ చోట 5 మిల్లీమీటర్లు కోసేయండి. అది చేయకుండా మాసిక ఎంత బలంగా వేసినా పగులు మాసిక పక్కకు జరుగుతుంది.

పైపూత

180 సాండ్‌పేపర్‌తో మట్టం చేసి, 320, 600 వరకు వెళ్లండి. గీతకు రెండు పక్కలా 2 సెంటీమీటర్ల దాకా పాత రంగు అంచును పల్చబరచకపోతే కొత్త రంగు కింద మెట్టులా కనబడుతుంది. చిన్న గుంటలకు స్పాట్ పుట్టీ చాలు. ప్రైమర్ పల్చగా రెండు పూతలు వేసి పక్క వెలుతురులో చూడండి. గీత ఉంటే అప్పుడే బయటపడుతుంది, మళ్లీ నింపి 320తో మొదలుపెట్టండి. మెటాలిక్ రంగును అతుకు చోట మాత్రమే కొడితే తేడా తెలిసిపోతుంది, ముక్కలో సహజంగా వచ్చే ఒక అంచు దాకా మొత్తం కొట్టండి. రంగు వేయని తెల్ల ఏబీఎస్ అయితే పేస్ట్‌ను ఆ షీట్ తునకలతోనే చేయాలి, వేరే తెలుపు కలవదు. నీళ్లతో 1000, 2000 సాండ్‌పేపర్ రుద్ది పాలిష్ పేస్ట్ పెడితే మెరుపు తిరిగొస్తుంది.

కార్యక్రమం మధ్యలో పగిలితే ఈ పనులేవీ కుదరవు. పగులుకు రెండు పక్కలా 3 మిల్లీమీటర్ల రంధ్రాలు పొడిచి జిప్ టై బిగించి, లోపల గాఫర్ టేప్ (బలమైన బట్ట టేప్) వేసుకుంటే ఆ రోజు గడుస్తుంది. సూపర్ గ్లూ పెట్టాల్సి వస్తే ముక్కను ఒంటి మీద నుంచి తీసి పెట్టండి. అది నూలు బట్టకు తగిలితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది.

బాగుచేసిన ముక్కను మొదటిసారి తొడుక్కుని విప్పాక మాసిక అంచు వెంబడి టార్చ్ వేసి చూడండి. అక్కడ తెల్లటి గీత మొదలైతే మాసిక పొట్టిగా ఉందనో, దాని అంచు ఏటవాలుగా అరగలేదనో అర్థం. గీత పగులుగా మారకముందే ఆ అంచు అరగదీసి, దాని మీదుగా మరో పల్చటి మాసిక వేయండి.